సైడ్ ఇమేజింగ్ సోనార్ తెరను చదవడంలో ఎదురయ్యే సమస్యలు, పరిష్కారాలు

పడవకు రెండు పక్కలా నీటి అడుగును ధ్వని సాయంతో చూపే పరికరమైన సైడ్ ఇమేజింగ్ సోనార్ తెర మీది బొమ్మ పైనుంచి తీసిన ఫొటోలా ఉంటుంది కాబట్టి, దాన్ని ఫొటోలాగే చదవబోయి చాలామంది పొరబడతారు. పడవకు బిగించిన ట్రాన్స్‌డ్యూసర్ (ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని అందుకునే భాగం) రెండు పక్కలకూ పలుచని పట్టీలాంటి ధ్వనిని పంపి, ప్రతిధ్వని ఎంతసేపటికి, ఎంత బలంగా తిరిగి వచ్చిందో ఒక్కొక్క గీతగా నమోదు చేస్తుంది. పడవ సాగేకొద్దీ ఆ గీతలు వరుసగా పేరుకుని బొమ్మ అవుతాయి. అంటే తెర మీద అడ్డంగా కనిపించేది దూరం, నిలువుగా కనిపించేది కాలం. బలమైన ప్రతిధ్వని లేత రంగులో, ప్రతిధ్వని లేని చోటు నల్లగా కనిపించే అమరికను దృష్టిలో పెట్టుకుని కింది విషయాలు రాస్తున్నాను.

తెల్లని చుక్కలు ఉన్నాయి, కానీ అవి చేపలో రాళ్లో తెలియడం లేదు

చుక్క ఎంత మెరుస్తోందన్నది చూసి తేల్చబోవడమే ఈ అయోమయానికి కారణం. చేప శరీరంలోని గాలితిత్తి బలమైన ప్రతిధ్వనినిస్తుంది, రాయి కూడా అలాగే ఇస్తుంది. తేడా నీడలో, అంటే వస్తువు ధ్వనికి అడ్డుపడగా దాని వెనక తెర మీద ఏర్పడే నల్లని చోటులో ఉంటుంది. అడుగున కూర్చున్న రాయి నీడ రాయిని అంటుకునే మొదలవుతుంది. నీటి మధ్యలో ఈదుతున్న చేపకూ దాని నీడకూ నడుమ ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ ఎంత ఎక్కువైతే చేప అడుగుకు అంత ఎత్తున ఉన్నట్టు. కాబట్టి ముందు నీడను వెతకండి, ఆ తరువాతే దాన్ని వేసిన వస్తువు దగ్గరికి రండి. ఈ ఒక్క అలవాటు అమరికలన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

నీడతో ఎత్తును లెక్క కట్టవచ్చు కూడా. అడుగు దాదాపు చదునుగా ఉన్నచోట, నీడ పొడవును ట్రాన్స్‌డ్యూసర్ కింది లోతుతో గుణించి, నీడ చివరి వరకు తెర చూపే దూరంతో భాగిస్తే వస్తువు ఎత్తు వస్తుంది. లోతు 8 మీటర్లు, నీడ పొడవు 6 మీటర్లు, నీడ చివరి దూరం 32 మీటర్లు అయితే ఆ వస్తువు ఎత్తు 1.5 మీటర్లు. చేప విషయంలో నీడ పొడవుకు బదులు చేపకూ నీడకూ మధ్య దూరాన్ని, నీడ చివరికి బదులు నీడ ఉన్న దూరాన్ని తీసుకోవాలి: అదే 8 మీటర్ల లోతులో చేప 18 మీటర్ల వద్ద, దాని నీడ 24 మీటర్ల వద్ద కనిపిస్తే, చేప అడుగుకు 2 మీటర్ల ఎత్తున ఈదుతోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పొద్దు వాలేకొద్దీ మనిషి నీడ సాగినట్టే, పడవకు దూరమయ్యేకొద్దీ ధ్వని ఏటవాలుగా తగిలి నీడలు పొడవవుతాయి. అందువల్ల రెండు నీడల పొడవులను దూరం చూడకుండా పోల్చకూడదు. నీటి మొక్కల నీడ పలుచగా, అంచులు చెదిరి ఉంటుంది. చెట్టు మొద్దు నీడలో తరచుగా కొమ్మలు కూడా విడివిడిగా తెలుస్తాయి.

తెర మధ్యలోని నల్లని పట్టీ లోతైన కాలువలా కనిపిస్తోంది

అది కాలువ కాదు. ధ్వని బయలుదేరినప్పటినుంచి అడుగును మొదటిసారి తాకేవరకు ఉన్న నీరే ఆ పట్టీ. అడుగు దాదాపు చదునుగా ఉంటే ఒక్కో పక్క దాని వెడల్పు పడవ కింది లోతుకు సమానం కాబట్టి, పట్టీ వెడల్పయితే లోతు పెరుగుతున్నట్టు, సన్నబడితే మెరక వస్తున్నట్టు. పట్టీ లోపల కనిపించే చుక్కలు నీటి మధ్యలో ఉన్న చేపలు కావచ్చు. అయితే సోనార్ అక్కడ దూరాన్ని మాత్రమే చెబుతుంది, ఆ దూరంలో ఎంత లోతున ఉన్నదీ చెప్పదు. దానికి కిందికి చూసే సోనార్‌ను పక్కనే తెరిచి ఉంచుకోవాలి.

తెల్లగా ఉన్నది గట్టి నేలే అనుకుంటే బురద తగులుతోంది

గులకరాళ్లు, రాతినేల తెల్లగా, మెత్తని బురద నల్లగా కనిపించడం సాధారణంగా నిజమే. కానీ పడవ వైపు తిరిగి ఉన్న ఏటవాలు, అది బురదే అయినా, ధ్వనిని నేరుగా వెనక్కి పంపి తెల్లబడుతుంది; పడవకు అవతలివైపు వాలిన గట్టినేల నల్లబడుతుంది. పరిష్కారం ఒక్కటే: అదే చోటును ఎదుటి దిక్కునుంచి మరోసారి దాటి చూడాలి. రెండు సార్లూ తెల్లగా ఉంటే నేల గట్టిది. తెలుపు నలుపులు తారుమారైతే మీరు చూసింది వాలును. నీడలు కూడా రెండోసారి ఎదురువైపుకు పడతాయి, నేల రంగు మాత్రం మారదు.

వస్తువులు సాగిపోయినట్టో నలిగినట్టో ఉన్నాయి

పడవ ఆగినా గీతలు పడుతూనే ఉంటాయి, అందుకే నిలిచిన పడవ కింది చిన్న రాయి పొడవాటి చారగా మారుతుంది. వేగం హెచ్చితే మొద్దు కుదించుకుపోతుంది. మలుపులో లోపలివైపు ఒకేచోట పదేపదే ధ్వని పడి బొమ్మ సాగుతుంది, బయటివైపు గీతల మధ్య ఎడం పెరిగి నలుగుతుంది. గంటకు 4 నుంచి 8 కిలోమీటర్ల నిలకడైన వేగంతో, తిన్నని దారిలో వెళ్లండి. తెర కదిలే వేగాన్ని పడవ వేగానికి సరిపెట్టండి. మలుపులో పడిన బొమ్మను నమ్మి గుర్తులు పెట్టవద్దు.

రేంజ్ పెంచగానే చిన్న చేపలు మాయమవుతున్నాయి

మంచినీటిలో ధ్వని సెకనుకు దాదాపు 1,480 మీటర్లు పోతుంది. రేంజ్ అంటే సోనార్ ఒక్కో పక్క ఎంత దూరం వరకు చూస్తుందన్నది; అది 30 మీటర్లయితే ధ్వని పోయి రావడానికి 40 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక ప్రతిధ్వని తిరిగి వచ్చాకే మరో ధ్వనిని పంపితే, సెకనుకు 25 గీతలకు మించవు. రేంజ్ 60 మీటర్లయితే 12కు పడిపోతాయి. సెకనుకు 2 మీటర్లు సాగే పడవలో అప్పుడు గీతకూ గీతకూ మధ్య సుమారు 16 సెంటీమీటర్ల ఎడం వస్తుంది కాబట్టి, చిన్న చేప ఒక గీతలో పడితే పడినట్టు, లేకపోతే లేదు. దానికితోడు దూరమయ్యేకొద్దీ ధ్వని పట్టీ వెడల్పై వివరాలు కలిసిపోతాయి. వెతుకులాటకు విశాలమైన రేంజ్, 455 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ (ధ్వని కంపనాల రేటు) వాడండి. ఆసక్తికరమైన చోటు దొరికాక రేంజ్ తగ్గించి, 800కు గానీ, ఉంటే 1,200 కిలోహెర్ట్జ్‌కు గానీ మారండి. ఫ్రీక్వెన్సీ పెరిగితే వివరం పెరుగుతుంది, కానీ నీరు ఆ ధ్వనిని త్వరగా పీల్చుకోవడంతో అందే దూరం తగ్గుతుంది.

ఒక పక్క మసకగా ఉంది, లేదా తెరంతా గీతలు పడుతున్నాయి

ఎప్పుడూ ఒకే పక్క మసకగా ఉంటే ట్రాన్స్‌డ్యూసర్ ఒరిగి ఉండవచ్చు, లేదా మోటారు కాలు దానికి అడ్డు వస్తుండవచ్చు. మట్టం చూసి బిగించి, అడ్డు లేని చోటికి జరపండి. క్రమమైన చుక్కల గీతలు వస్తే దగ్గరలోని మరో సోనార్‌ను ఆపి చూడండి. తెల్లని పొగలాంటి మసక సాధారణంగా ప్రొపెల్లర్ లేపిన గాలి బుడగలదే.

తెర మీద గుర్తు పెట్టిన చోట ఏమీ దొరకడం లేదు

తెర చూపే దూరం ట్రాన్స్‌డ్యూసర్ నుంచి వస్తువుకు ఏటవాలుగా కొలిచినది. లోతు 8 మీటర్లు, తెర మీది దూరం 10 మీటర్లు అయితే, అడుగున ఉన్న మొద్దు నిజానికి పడవకు 6 మీటర్ల పక్కనే ఉంటుంది. కొన్ని పరికరాలు గుర్తు పెట్టేటప్పుడు దీన్ని సవరిస్తాయి, కొన్నింటిలో మనమే లెక్కలోకి తీసుకోవాలి. దూరంగా ఉన్న వస్తువుకు ఈ తేడా తక్కువ, పడవకు దగ్గరగా ఉన్నదానికి ఎక్కువ. జీపీఎస్ యాంటెన్నా పడవ ముందు భాగంలోనూ ట్రాన్స్‌డ్యూసర్ వెనుకభాగంలోనూ ఉంటే ఆ ఎడం కూడా పొరపాటుగా చేరుతుంది. వస్తువుకు ఒకసారి ఈ పక్కనుంచి, మరోసారి ఆ పక్కనుంచి ఎదురు దిక్కుల్లో దాటి రెండు గుర్తులు పెట్టి, వాటి నడిమి బిందువును గమ్యంగా తీసుకుంటే ఈ తప్పులు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి. ఆ తరువాత ఆ బిందువు మీదుగా నెమ్మదిగా వెళుతూ, కిందికి చూసే సోనార్‌లో మొద్దు కనబడిన క్షణాన చివరి గుర్తు పెట్టుకోవాలి.