స్టేడియంలో తొక్కిసలాట జరిగిందంటే ఆ వార్తను ఎలా చదవాలి?

2022 మే 29 ఉదయం విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతున్నాం. యూరప్ క్లబ్ ఫుట్‌బాల్‌లో పెద్ద పోటీ, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ కోసం రాత్రంతా మేలుకున్న మా మేనల్లుడు ఫోన్ నా ముందు పెట్టాడు. "పారిస్‌లో గేట్ల దగ్గర గొడవట మావయ్యా. ఇంగ్లండ్ జట్టు లివర్‌పూల్ అభిమానులు దొంగ టికెట్లతో వచ్చారట."

"ఎవరన్నారు?"

మళ్లీ ఫోన్‌లోకి చూశాడు. "మ్యాచ్ పెట్టినవాళ్లే."

ముందు చూడాల్సింది ఇదే, ఆ మాట ఎవరిదని. గేట్లు నడిపినవాళ్లే తప్పు జనానిదంటుంటే, క్యూలో నిలబడ్డవాళ్లు ఏమంటున్నారో కూడా వెతకండి. ఆ రాత్రి స్టేడియం తెర మీద అభిమానులు ఆలస్యంగా వచ్చారని వేశారు. క్యూలో ఉన్నవాళ్లేమో ఎప్పుడో వచ్చి ఇరుక్కుపోయామన్నారు.

తర్వాత గేటు కథ అడగండి. పైడితల్లి జాతరలో సిరిమాను తిరిగే రోజు మన ఊళ్లో ఒక్కసారి నిలబడితే ఇది తెలుస్తుంది. జనం కిక్కిరిస్తే కాళ్లు మన మాట వినవు. వెనకవాడికి ముందు ఏం జరుగుతోందో కనపడదు. అందుకని 'జనం ఎందుకు తోసుకున్నారు' అన్న ప్రశ్నతో లాభం లేదు. ఏ గేటు తెరిచారు, ఏది మూశారు, ఆ దారి ఎక్కడికి పోతుంది? ఈ మూడూ లేని వార్త సగం వార్తే.

1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియంలో బయట జనం పెరిగారని పోలీసులే ఒక గేటు తెరిపించారు. లోపలికొచ్చినవాళ్లకు ఎదురుగా కనపడింది ఒక సొరంగం దారి. అది అప్పటికే కిక్కిరిసిన కంచెల మధ్యకు తీసుకెళ్లింది. ఆ దారిని ముందుగా మూయించలేదు. 97 మంది ప్రాణాలు పోయాయి. అభిమానులే గేటు బలవంతంగా తెరిచారని పోలీసు అధికారి అబద్ధం చెప్పాడు. 'ద సన్' పత్రిక 'నిజం' అని హెడ్డింగ్ పెట్టి మరీ అభిమానుల మీద నిందలు అచ్చేసింది. వాళ్ల తప్పేమీ లేదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది.

బాష్పవాయువు అన్న మాట కనిపిస్తే అక్కడ ఆగండి. స్టేడియంలో అది వాడకూడదని ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా భద్రతా నియమాల్లోనే ఉంది. 2022 అక్టోబర్ 1న ఇండోనేషియాలోని కంజురుహాన్ స్టేడియంలో పోలీసులు వాడారు. జనం ఇరుకు గేట్ల వైపు పరుగెత్తారు. 135 మంది చనిపోయారు.

తొక్కిసలాట ఒక్కటే కాదు, ఆటగాడు కూలిపోయిన వీడియో వాట్సాప్‌లో వస్తే ముందుకు పంపకండి. 2021 జూన్‌లో కోపెన్‌హేగన్‌లో మ్యాచ్ మధ్యలో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ గుండె ఆగి పడిపోతే, అతని జట్టువాళ్లు కెమెరాలకు కనపడకుండా చుట్టూ గోడలా నిలబడ్డారు. వాళ్లు దాచింది మనం పంచిపెట్టడమేంటి? ఆగిన ఆ మ్యాచ్‌ను అదే రాత్రి మళ్లీ కొనసాగించారు. అలా ఎవరు నిర్ణయించారన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఇక చివరి పని, అందరూ మరిచిపోయేది. ఫోన్‌లో ఆరు నెలల తర్వాతి తేదీకి రిమైండర్ పెట్టుకోండి. మొదటి రోజు నింద మొదటి పేజీలో వస్తుంది, విచారణ నివేదిక ఏ మూలనో వస్తుంది. పారిస్ మీద నివేదిక 2023 ఫిబ్రవరిలో వచ్చింది. ప్రధాన బాధ్యత మ్యాచ్ పెట్టిన యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫాదేనని, యుయెఫా వేసిన స్వతంత్ర బృందమే తేల్చింది. ఆ లింకు నాకు పంపింది మా మేనల్లుడే. కింద ఒక ముక్క రాశాడు: "సాయంత్రం మూడు లాంతర్ల దగ్గరికి రా మావయ్యా, టీ డబ్బులు నావి."