రోహిణి కార్తెకు ముందే కరెంటు కొలత సరిచూసుకోండి

పోయిన మే నెలలో చంద్రగిరి దగ్గర ఒక మామిడి తోటలో మేము పెట్టిన 48 వోల్టుల సోలార్ పంపు రోజూ మధ్యాహ్నం ట్రిప్ అయ్యేది. సాయంత్రం ఆన్ చేస్తే బాగానే నడిచేది. పాపం ఆ రైతు డబ్బు పెట్టి బోర్లోంచి మోటారు పైకి తీయించాడు. దానికేమీ కాలేదు. తప్పు పంపును నడిపే మా కంట్రోలర్ బోర్డు మీది అర అంగుళం రాగిది.

బోర్డులో 1 మిల్లీఓమ్ షంట్ (కరెంటు కొలవడానికి దాని దారిలో పెట్టే అతి చిన్న రెసిస్టర్) ఉంది. 20 ఆంపియర్లు పోతే దాని మీద వచ్చేది 20 మిల్లీవోల్టులే. ఈ చిన్న వోల్టేజిని పెంచే ఆంప్లిఫయర్‌కు వెళ్లే సెన్స్ ట్రాకులను (కొలత కోసం వేసే సన్నటి రాగి దారులు) షంట్‌ను టంకం వేసే ప్యాడ్ దగ్గర తీయాల్సింది, మోటారు కరెంటు పోయే రాగి మీద కాస్త అవతల తీశాం. బోర్డుల మీద మామూలుగా వాడే ఒక ఔన్సు మందం రాగిలో వెడల్పెంతో పొడవూ అంతే ఉన్న ముక్క దాదాపు అర మిల్లీఓమ్. అదీ కొలతలో కలిసింది. పొద్దున 30 డిగ్రీల్లో టేబుల్ మీద రీడింగ్ సరిదిద్ది క్యాలిబ్రేట్ చేశాం కాబట్టి తప్పు దాక్కుంది. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి 0.39 శాతం దాకా పెరుగుతుంది. రేకుల షెడ్డులో, మూసిన పెట్టెలో బోర్డు 70 డిగ్రీలకు చేరితే, కొలతలో దాదాపు మూడో వంతు ఆ రాగిదే కాబట్టి, రీడింగ్ 5 శాతం ఎక్కువ చూపిస్తుంది. ట్రిప్ హద్దును మోటారు మామూలు కరెంటుకు దగ్గరగా పెట్టాం, అందుకే మోటారు ఆగిపోయింది.

బ్లేడుతో ఆ రెండు ట్రాకులు కోసి, సన్నటి ఎనామిల్ వైర్లను షంట్ ప్యాడ్ల లోపలి అంచులకు టంకం వేసి, మెలిపెట్టి ఆంప్లిఫయర్ దాకా తెచ్చాం. కొత్త బోర్డయితే డిజైన్‌లోనే అలా తీయండి.

ఆంప్లిఫయర్ దగ్గర పిసినారితనం వద్దు. చవకైన ఎల్ఎం358 చిప్ ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ సున్నా అయినా కొలతలో కలిసే తప్పు వోల్టేజి) మామూలుగానే 2 మిల్లీవోల్టులు ఉండొచ్చు, అంటే షంట్ ఇచ్చే 20 మిల్లీవోల్టుల్లో పదో వంతు. కరెంటు కొలత కోసమే చేసిన ఐఎన్ఏ240 చిప్‌లో అది గరిష్ఠంగా 25 మైక్రోవోల్టులే. ఇన్‌పుట్ దగ్గర ఫిల్టర్ పెడితే రెసిస్టర్ 10 ఓమ్‌లు దాటనివ్వకండి, గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో అది) మారిపోతుంది. షంట్ మీద ఖర్చయ్యేది 0.4 వాట్లే అయినా, వేడి పెట్టెలో ఉంటుంది కాబట్టి 2 వాట్లది వేయండి.

ఎండలు ముదరకముందే బోర్డును 70 డిగ్రీలకు వేడి చేసి, బయట చల్లగా ఉంచిన మంచి మీటరుతో పోల్చండి. లోడు లేనప్పుడే సున్నా కదిలితే ఆఫ్‌సెట్ తప్పు. సున్నా నిలిచి 20 ఆంపియర్ల దగ్గర మాత్రమే తేడా వస్తే ముందు రాగిని అనుమానించండి.

తోటలో పెట్టె తెరిచేముందు ప్యానెళ్ల డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల నుంచి కరెంటు తెంచే స్విచ్) ఆపి, కెపాసిటర్ల మీద వోల్టేజి దిగిందో లేదో మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి.