ఫైర్‌ఫాక్స్‌లో వైడ్‌వైన్ ఎక్కకపోతే

తిరుపతి బస్టాండ్ దగ్గర ఓ నెట్ సెంటర్లో పాత విండోస్ సిస్టమ్. మామూలు వీడియోలు ఆడుతున్నాయి, డబ్బు కట్టి చూసే సినిమాలకు మాత్రం నల్ల తెరే. ఫైర్‌ఫాక్స్ యాడాన్స్ పేజీలో ప్లగిన్స్ తెరిస్తే వైడ్‌వైన్ (కాపీ రక్షణ ఉన్న వీడియోలను ఆడించే ప్లగిన్) దగ్గర 'కాసేపట్లో ఇన్‌స్టాల్ అవుతుంది' అని ఉంది. ఆ కాసేపు ఎప్పటికీ రాదు.

బ్రౌజర్ తీసేసి మళ్లీ వేయడం దండగ. పాత ప్రొఫైల్ (మీ సెట్టింగ్స్, ప్లగిన్ ఫైళ్లు ఉండే ఫోల్డర్) అలాగే మిగులుతుంది, పాడైన ఫైలూ అందులోనే ఉంటుంది. హెల్ప్‌లో ట్రబుల్‌షూటింగ్ పేజీకెళ్లి ప్రొఫైల్ ఫోల్డర్ తెరవండి. 'జీఎంపీ-వైడ్‌వైన్‌సీడీఎం' (gmp-widevinecdm) లోపల వెర్షన్ నంబరు పేరుతో ఒక ఫోల్డరు, అందులో డీఎల్ఎల్ (ప్లగిన్ అసలు ప్రోగ్రామ్), మ్యానిఫెస్ట్ (దాని వివరాలు) ఫైళ్లు రెండూ ఉండాలి. ఇక్కడ డీఎల్ఎల్ లేదు. ఫైర్‌ఫాక్స్ పూర్తిగా మూసి ఆ జీఎంపీ-వైడ్‌వైన్‌సీడీఎం ఫోల్డర్ డిలీట్ చేయాలి. తెరిచి ఉండగా చేస్తే ఫైలు వాడకంలో ఉందంటుంది.

మళ్లీ తెరిచే ముందు యాంటీవైరస్‌లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ (సురక్షిత సైట్ల రాకపోకల తనిఖీ) ఆపండి. అది మధ్యలో సైటు గుర్తింపు పత్రానికి బదులు తన సర్టిఫికెట్ పెడుతుంది; మామూలు సైట్లు తెరుచుకున్నా ప్లగిన్ డౌన్‌లోడ్ అక్కడే ఆగిపోవచ్చు. అసలు దొంగ ఇదే. తర్వాత సెట్టింగ్స్‌లో డీఆర్ఎం (కాపీ రక్షణ) వీడియోలు ఆడించే చోట టిక్ పెట్టి, ప్లగిన్స్ పేజీలో గేర్ గుర్తు నొక్కి అప్‌డేట్స్ వెతికించండి. వెర్షన్ నంబరు కనిపించాక స్కానింగ్ మళ్లీ ఆన్ చేయొచ్చు.

అన్ని సైట్లూ సర్టిఫికెట్ ఎర్రర్ ఇస్తుంటే సిస్టమ్‌లో తేదీ చూడండి. కరెంటు పోయినప్పుడల్లా వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టే.

ఫ్లాష్ (ఒకప్పుడు వెబ్‌లో వీడియోలు, ఆటలు ఆడించిన ప్లగిన్) అడిగే పేజీలను మాత్రం వదిలేయండి. అడోబీ దాన్ని 2020 డిసెంబరు 31తో ఆపేసింది. ఇప్పుడు 'ఫ్లాష్ ప్లేయర్ డౌన్‌లోడ్' అని కనిపించే బటన్లు నొక్కొద్దు.