ఇంగ్లీషు అలంకారాల దగ్గర మార్కులు ఎక్కడ పోతున్నాయి: సమస్య - పరిష్కారం

సమస్య: వాక్యంలో ఏదో అలంకారం ఉందని తెలుస్తుంది, పేరు మాత్రం తట్టదు.

కారణం: వాక్యాన్ని వదిలేసి, బట్టీపట్టిన జాబితాలో వెతకడం.

పరిష్కారం: ముందు అలంకారం శబ్దంలో ఉందా, అర్థంలో ఉందా తేల్చండి. అనుమానం వచ్చిన పదం తీసేసి, అదే అర్థమున్న మరో పదం పెట్టండి. చమత్కారం పోయిందంటే అలిటరేషన్ (పదాల మొదటి హల్లు ధ్వని తిరిగి రావడం), అసోనెన్స్ (అచ్చు ధ్వని తిరిగి రావడం), పన్ (ఒకే మాటలో రెండర్థాలు) వైపు చూడండి. నిలిచిందంటే సిమిలీ (‘లైక్’, ‘యాజ్’లతో పోలిక), మెటఫర్ (ఒకదాన్ని మరొకటిగానే చెప్పడం), ఐరనీ (పైకి అన్నదానికి లోపలి భావం విరుద్ధం) వైపు. మన ఆలంకారికులు శబ్దాలంకారాన్ని అర్థాలంకారాన్ని విడదీసే పరీక్ష ఇదే. అర నిమిషం పట్టదు, అయినా ఎవరూ చేయరు.

సమస్య: పేరు తెలుసు, ధీమాగా రాశారు, అయినా తప్పు.

కారణం: అసలు దొంగ ఇక్కడున్నాడు. రూపకమంటే మెటఫర్, అనుప్రాసంటే అలిటరేషన్ అని తెలుగు పేర్లకు ఇంగ్లీషు పేర్లు జతచేసి పెట్టుకోవడం. సులువైన ఉదాహరణల్లో ఈ జతలు చక్కగా పనిచేస్తాయి కాబట్టే తప్పు చాలాకాలం బయటపడదు.

బడిలో రూపకానికి ‘సంసారసాగరం’ చెబుతారు. సంసారం, సాగరం రెండూ కళ్లెదుటే ఉంటాయి. అలా రెండింటినీ వెతకడం అలవాటైనవారికి ‘ది మేనేజర్ బార్క్‌డ్ ఎట్ ది క్లర్క్స్’ అన్న వాక్యంలో మెటఫర్ కనబడదు, ఎందుకంటే కుక్క అన్న మాటే అందులో లేదు. దాన్ని పర్సనిఫికేషన్ అని రాసేవాళ్లూ ఉన్నారు. అది పూర్తిగా తలకిందులు: ఇక్కడ మనిషికి జంతువు గుణం అంటగట్టారు, జంతువుకు మనిషి గుణం కాదు. ఒక జిత్తులమారి గురించి ‘ది ఫాక్స్ సైన్డ్ ది కాంట్రాక్ట్’ అంటే ఉపమేయం (ఎవరి గురించి చెబుతున్నారో ఆ మనిషి) మాయమై ఉపమానమే (పోల్చిన నక్కే) మిగిలింది. మన శాస్త్రంలో అది రూపకాతిశయోక్తి. ఇంగ్లీషులో అదీ మెటఫరే. అతిశయోక్తి అన్న మాట చూసి హైపర్బొలీ (ఉన్నదాన్ని బాగా పెంచి చెప్పడం) అని రాశారో, అయిపోయారు.

అనుప్రాస దగ్గర ఇంకో గుంట ఉంది. వృత్త్యనుప్రాసలో హల్లు పదంలో ఎక్కడ తిరిగొచ్చినా చెల్లుతుంది. అలిటరేషన్‌కు సాధారణంగా పదం మొదటి ధ్వని, లేదా నొక్కి పలికే అక్షరం మొదటి ధ్వని కావాలి. పదం మధ్యలోనో చివరో వస్తే కాన్సొనెన్స్. పైగా తెలుగులో దాదాపు రాసినట్టే పలుకుతాం, ఇంగ్లీషులో ఆ భరోసా లేదు. ‘నైఫ్’, ‘కింగ్’ రెండూ కె అక్షరంతోనే మొదలైనా అలిటరేషన్ కాదు. ‘ఫోన్’, ‘ఫిష్’ పి, ఎఫ్ అన్న వేరే అక్షరాలతో మొదలైనా అవుతుంది. కంటితో కాదు, పైకి చదివి చెవితో తేల్చండి.

ఉత్ప్రేక్షకు (ఒకదాన్ని మరొకటేమో అని ఊహించడానికి) ఇంగ్లీషులో విడిగా పేరు లేదు. ‘యాజ్ ఇఫ్’తో వచ్చే ఊహను సిమిలీ కిందే రాస్తారు.

పరిష్కారం: నోటుబుక్కులో ఇంగ్లీషు పేర్ల పక్కనున్న తెలుగు పేర్లు కొట్టేయండి. ప్రతి ఉదాహరణకూ మూడు ముక్కలు రాయండి: దేని గురించి చెబుతున్నారు, దేన్నిగా చూపుతున్నారు, ‘లైక్’ లేదా ‘యాజ్’ ఉందా. మొదటి రెంటిలో ఒకటి వాక్యంలో లేకపోయినా కంగారుపడకండి, మీరే పూరించండి. ‘లైక్’ కనబడగానే సిమిలీ అనేయకండి. ‘షి సింగ్స్ లైక్ హర్ మదర్’ మామూలు పోలికే, ఇద్దరూ ఒకే జాతి. ‘లైక్ ఎ రస్టీ హింజ్’ (తుప్పుపట్టిన తలుపు బందులా) అంటే జాతులు వేరు, కాబట్టి సిమిలీ.

సమస్య: మెటానిమీ, సినెక్డకీ తారుమారు.

పరిష్కారం: ‘భాగమా?’ అని అడగండి. పనివాళ్లను ‘హ్యాండ్స్’ అంటే చెయ్యి మనిషిలో భాగం కాబట్టి సినెక్డకీ. రాజరికాన్ని ‘ది క్రౌన్’ అంటే కిరీటం రాజు ఒంట్లో భాగం కాదు, సంబంధమున్న వస్తువు. అది మెటానిమీ.

సమస్య: పేరు సరైనదే, మార్కులు సగమే.

కారణం: ప్రభావం రాయలేదు. 1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ పదవీ ప్రమాణ ప్రసంగంలో దేశం నీకేం చేస్తుందని కాదు, నువ్వు దేశానికేం చేయగలవో అడుగు అన్న వాక్యాన్ని యాంటీమెటబొలీ అని రాసి ఆపేస్తే చాలదు. అవే మాటలు వరస తిరగబడగానే బాధ్యత వినేవాడి మీదికి మళ్లిందని కూడా రాయాలి.

జ్యూగ్మా, హెండయడిస్ లాంటి అలంకారాలు అరుదు. పైవన్నీ సరిచూసుకున్నాకే వాటి జోలికి వెళ్లండి. అన్నట్టు, హైపర్‌బోల్ అని పలకకండి. అది హైపర్బొలీ, నాలుగు సిలబుల్స్.