బరంపురంలో ఉంటూ పాత స్పోర్ట్స్ సెడాన్ కొనడం ఎలా: జపాన్‌దా, జర్మనీదా?

ఒడిశాలోని బరంపురంలో ఉంటూ పాత పెర్ఫార్మెన్స్ సెడాన్ కొని దాచుకోవాలంటే ముందు మెకానిక్‌ని చూసుకోండి, కారు సంగతి తర్వాత. చిన్న రిపేరుకి కూడా భువనేశ్వర్‌కో విశాఖకో లారీ ఎక్కించాల్సిన బండి, ఎంత ముచ్చటగా ఉన్నా, రెండో ఏడుకల్లా టార్పాలిన్ కిందకి చేరుతుంది.

జపాన్ వైపు మన చేతికి అందేది 2000ల మొదట్లో వచ్చిన హోండా సిటీ వీటెక్. వీటెక్ అంటే ఇంజన్ వేగం పెరిగినప్పుడు వాల్వులు తెరుచుకునే తీరుని మార్చే ఏర్పాటు. 1.5 లీటర్ల ఇంజన్, 106 హార్స్‌పవర్. జర్మనీ వైపు బీఎండబ్ల్యూ 325ఐ, అంటే 2007లో చెన్నై ప్లాంటు మొదలైనప్పటి త్రీ సిరీస్. వరసగా ఆరు సిలిండర్లు, 218 హార్స్‌పవర్. అంకెల్లో పోటీయే లేదు. అయినా ఆర్‌పీఎం ముల్లు పైకెక్కేకొద్దీ సిటీ ఇంజన్ గొంతు మారుతుంది చూడండి, దాని కోసమే కొనేవాళ్లున్నారు.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు బయటపడే లోపం దాచడానికి మీరొచ్చేలోపే ఒకసారి స్టార్ట్ చేసి ఉండొచ్చన్నమాట. అలాంటప్పుడు ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.

ఇక తుప్పు. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి సిటీ పలచటి రేకు త్వరగా లొంగుతుంది. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. నేను చూసిన ఒక ఎర్ర సిటీలో అది డోర్‌కి టక్కున అతుక్కుంది. వెనక చక్రం పైన వంపు దగ్గర పెట్టేసరికి జారి ఇసుకలో పడింది. అక్కడ రేకు పోయి పుట్టీ మిగిలింది. "చిన్న టచప్పే బాబూ" అన్నాడు అమ్మేవాడు. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంత కూడా చూడండి. సిటీకి టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపల వాల్వులని పిస్టన్లతో జతగా నడిపేది) మార్చిన బిల్లు అడగండి. ఆ బెల్ట్ తెగితే ఇంజనే పోతుంది.

325ఐకి రేకు గట్టిదే, జబ్బంతా ప్లాస్టిక్‌లో, రబ్బరులో. ఇంజన్‌ని చల్లబరిచే దాని వాటర్ పంపు కరెంటుతో తిరుగుతుంది, చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. వాల్వ్ కవర్ (ఇంజన్ పైమూత) దగ్గర, ఆయిల్ ఫిల్టర్ దగ్గర నూనె చెమ్మ ఉందేమో టార్చి వేసి చూడండి. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల్ని చదివే స్కానర్ పెట్టించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఆంధ్రా నంబరు బండిని ఒడిశాలో ఉంచుకోవాలంటే ఆంధ్రా ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, రోడ్ ట్యాక్స్ తప్పవు. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ ఉంటుంది. వింటేజ్ బండిగా ప్రత్యేక రిజిస్ట్రేషన్ కావాలంటే 50 ఏళ్లు నిండాలి కాబట్టి ఆ వెసులుబాటు ఈ రెండింటికీ లేదు.

ఒక్కటే కొనగలిగితే నా ఓటు సిటీకే, అదీ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటేనే. చాలావాటికి కుర్రాళ్లు మోత కోసం సైలెన్సర్ మార్చేశారు. పాతది అటక మీద ఉందేమో అడగండి. ఉంటే దాన్నీ బేరంలో కలిపేయమనండి.