షటిల్ రావాలంటే ముందు అట్లకాడ పట్టు పోవాలి

పోయిన వేసవి సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు కుర్రాడు కొత్త షటిల్ బ్యాట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "టీచర్ గారూ, ఎలా ఉంది?" వాళ్ళ నాన్న ఐదు వేలు పెట్టి కొన్నారట. బ్యాట్‌కి వంక పెట్టడానికి లేదు. "ఏదీ, పట్టుకో చూద్దాం" అన్నాను. దోసె తిరగేసే అట్లకాడ ఎలా పట్టుకుంటామో అచ్చం అలాగే పట్టుకున్నాడు.

గుంటూరు జిల్లా హైస్కూళ్ళలో ఇరవై తొమ్మిదేళ్ళు పీఈటీగా, అంటే ఆటల టీచరుగా చేశాను. కొత్తగా బ్యాట్ పట్టిన పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది ఇలాగే పడతారు. పెద్దవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే ఎవరైనా "షటిల్ నేర్పండి" అంటే ఏ కంపెనీ బ్యాట్ కొనాలో చెప్పను. ముందు పట్టు సరిచేస్తాను.

బ్యాట్‌ని ఎడమ చేత్తో కడ్డీ దగ్గర పట్టుకోండి. ఫ్రేమ్ అంచు నేలవైపు ఉండాలి, కొబ్బరి బోండాం కొట్టే కత్తి అంచు ఉన్నట్టు. ఇప్పుడు కుడిచెయ్యి చాపి పిడికి షేక్‌హ్యాండ్ ఇవ్వండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆంగ్లం 'వి' అక్షరంలా సందు కనిపిస్తుంది. అది పిడి పైఅంచు మీద పడాలి. చూపుడువేలు మిగతా మూడు వేళ్ళకి కాస్త ఎడంగా, ముందుకి ఉండాలి. పిడిని గట్టిగా నొక్కొద్దు. చేతిలో కోడిపిల్ల ఉన్నంత వదులుగా పట్టుకుని, కాక్ (ఈకల బంతి) తగిలే క్షణంలో మాత్రం బిగించాలి. ఎడమ చేతివాటం వాళ్ళు దీన్ని తిప్పి చదువుకోండి.

అట్లకాడ పట్టుతో వచ్చే నష్టం మొదటి రెండు రోజులు తెలియదు. నెట్టు దగ్గరకొచ్చిన కాక్‌ని టపటపా కొట్టేయొచ్చు, హాయిగానే ఉంటుంది. కానీ తల మీదుగా కొట్టాల్సి వచ్చినప్పుడు ముంజేయి తిరగదు. భుజం బలమంతా పెట్టి కొట్టినా కాక్ సగం కోర్టు దాటదు. నేను కాలేజీ రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడినదాన్ని. పసుపు ఉన్ని బంతి, అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, చేతిలో షటిల్ బ్యాట్‌కి రెట్టింపు బరువున్న బ్యాట్. ఆ చెయ్యితో షటిల్‌కి వచ్చినప్పుడు నాకూ ఇదే తిప్పలు. చెయ్యంతా విసిరేదాన్ని, కాక్ మాత్రం నెట్టుకి తగిలి నా ముందే పడేది.

ఎడమవైపు వచ్చిన కాక్ కోసం పట్టు కొద్దిగా మారాలి. వేళ్ళ మధ్య పిడిని కాస్త తిప్పి, బొటనవేలిని పిడి వెడల్పు పలక మీద నిలువుగా ఆనించండి. దాంతోనే తోస్తాం. టీవీ చూస్తూ ఈ పట్టు నుంచి ఆ పట్టుకీ, ఆ పట్టు నుంచి ఈ పట్టుకీ యాభైసార్లు మార్చండి. చూడకుండా మారిందంటే సగం పని అయినట్టే.

ఇక కోర్టు. మా కుర్రాళ్ళు పార్కింగ్ పక్కన ఖాళీ జాగాలో ఆడుతున్నారు. గీతలు లేవు, నెట్టు స్థానంలో బట్టలారేసే తాడు ఉంది. కాక్ లోపల పడిందా బయట పడిందా అన్న గొడవతోనే సాయంత్రం గడిచిపోయేది. ఒక ఆదివారం పొద్దున అందరినీ పోగుచేసి కోర్టు గీయించాను. మీరూ గీసుకోవచ్చు. టేపు, పురికొస, నాలుగు మేకులు, సుద్దముక్క చాలు. మట్టి నేలైతే ముగ్గుపిండి.

షటిల్ కొలతలు అడుగుల్లోనే తేలిగ్గా గుర్తుంటాయి. పొడవు 44, వెడల్పు 20. వీలైతే పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టండి. లేకపోతే పొద్దుటి ఎండ ఒక పక్క వాళ్ళకి నేరుగా కళ్ళలో పడుతుంది. నాలుగు మూలలా మేకులు కొట్టాక గీత గీసేముందు మూల నుంచి ఎదుటి మూలకి కొలవండి. రెండు వైపులా 48 అడుగుల 4 అంగుళాలు రావాలి. ఇది చూసుకోకుండా ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక కోర్టు గీశాను. పక్క ఊరి జట్టు వచ్చి, "మేడమ్, మీ కోర్టు పక్కకి ఒరిగింది" అని నవ్వింది. నిజంగానే ఒరిగింది.

పెద్ద దీర్ఘచతురస్రం వచ్చాక మధ్యలో, అంటే 22 అడుగుల దగ్గర నెట్టు. నెట్టు నుంచి ఇటూ అటూ ఆరున్నర అడుగుల దగ్గర సర్వీసు గీత. అక్కడి నుంచి వెనక గీత దాకా నడిమి గీత. పక్క గీతలకి లోపలగా అడుగున్నర దూరంలో సింగిల్స్ గీతలు, వెనక గీతకి లోపలగా రెండున్నర అడుగుల్లో డబుల్స్ సర్వీసు గీత. గీత మందం అంగుళంన్నర. అది కొలతలోనే కలిసి ఉంటుంది, కాబట్టి గీత మీద పడిన కాక్ లోపలే. నెట్టు ఎత్తు స్తంభాల దగ్గర 5 అడుగుల 1 అంగుళం, మధ్యలో సరిగ్గా 5 అడుగులు. బట్టల తాడు మధ్యలో జానెడు దిగితే మీ స్మాష్‌లు (పై నుంచి కిందికి కొట్టే దెబ్బలు) అద్భుతంగా పడుతున్నట్టు అనిపిస్తుంది. మోసపోకండి.

సర్వీసు ఎప్పుడూ ఐమూలగా ఎదుటి గడిలోకే. మీ స్కోరు సరిసంఖ్యైతే కుడి గడి నుంచి, బేసైతే ఎడమ గడి నుంచి. సింగిల్స్ సర్వీసు గడి సన్నగా పొడుగ్గా ఉంటుంది, డబుల్స్‌ది వెడల్పుగా పొట్టిగా ఉంటుంది. మనం ఆడేది 21 పాయింట్లకి. 20-20 అయితే రెండు పాయింట్ల తేడా రావాలి, 29-29 దాకా వెళ్తే 30వ పాయింటుతో ఆట ముగుస్తుంది.

కాక్ గురించి ఎవరూ చెప్పరు గానీ, నా లెక్కలో బ్యాట్ కంటే కాకే ముఖ్యం. ఈక కాక్‌లో 16 ఈకలుంటాయి, మొత్తం బరువు ఐదు గ్రాముల చుట్టుపక్కల. ఆరుబయట గాలికి అది నిలవదు, డబ్బు దండగ. బయట ఆడేవాళ్ళు నైలాన్ కాక్ కొనండి. దాని మీద రంగు పట్టీ ఉంటుంది. ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. ఎండాకాలం గాలి పలచబడి కాక్ దూరం పోతుంది కాబట్టి మన గుంటూరు వేడికి ఆకుపచ్చే సరి. ఈక కాక్‌లకైతే డబ్బా మీద 76, 77, 78 అని అంకెలుంటాయి, చిన్న అంకె నెమ్మది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, అక్కడ కాక్ ఇంకాస్త దూరం పోతుంది. అనుమానమైతే వెనక గీత మీద నిలబడి కింది నుంచి పూర్తి బలంతో ఎత్తి కొట్టండి. అవతలి వెనక గీతకి పావుతక్కువ రెండడుగుల నుంచి మూడుంబావు అడుగుల లోపలగా పడితే అది సరైన కాక్.

ఈకలు ఎండిపోతే రెండు దెబ్బలకే విరుగుతాయి. డబ్బా రెండు మూతలూ తీసి, ఈకల వైపు నుంచి ఇడ్లీపాత్ర ఆవిరి కొన్ని సెకన్లు పట్టి, మూతలు పెట్టి రాత్రంతా ఉంచుతాను. మా ఇంట్లో దీనికి చాలా వెక్కిరింతలు పడ్డాను. కాక్‌లు మాత్రం ఎక్కువ ఆటలు వస్తున్నాయి.

బ్యాట్‌కి రెండు మాటలు చాలు. కడ్డీకీ ఫ్రేమ్‌కీ మధ్య అతుకు కనిపించే జత బ్యాట్‌లు వద్దు. ఒకే ముక్క గ్రాఫైట్‌ది, 4యూ అని రాసున్నది (80 నుంచి 84 గ్రాములు) తీసుకోండి, రెండు వేల లోపే దొరుకుతుంది. గట్టింగ్, అంటే బ్యాట్ తీగల అల్లిక, 20 నుంచి 22 పౌండ్ల బిగువుకి వేయించండి. బిగువు పెంచితే దెబ్బ పెరుగుతుందని కుర్రాళ్ళ నమ్మకం. నిజానికి బిగువు పెరిగేకొద్దీ బలం మీరే పెట్టాలి. మిగిలిన డబ్బు బూట్లకి పెట్టండి. పరుగు బూట్లు మడమ దగ్గర ఎత్తుగా ఉంటాయి, పక్కకి అడుగేస్తే ఒరుగుతాయి. అలాంటివి వేసుకుని ఆడి నేను మూడు వారాలు కట్టు కట్టుకుని కూర్చున్నాను. అడుగు చదునుగా ఉండే కోర్టు బూట్లే కావాలి.

కొట్టడంలో మొదట నేర్చుకోవాల్సింది టాస్. అంటే మన వెనక గీత నుంచి అవతలి వెనక గీతకి ఎత్తుగా పంపడం. మామిడిచెట్టు పై కొమ్మలో ఉన్న కాయకి రాయి ఎలా విసురుతారు? పక్కకి తిరిగి నిలబడతారు, కుడికాలు వెనక, ఎడమచెయ్యి కాయవైపు, మోచెయ్యి పైకి లేస్తుంది, ఒళ్ళు తిరుగుతుంది, చివర్లో ముంజేయి తిరిగి రాయి వదులుతుంది. అంతే. రాయి బదులు బ్యాట్. కాక్ తల వెనక్కి వెళ్ళకముందే, చెయ్యి చాపినంత ఎత్తులో, నుదుటికి కాస్త ముందు తగలాలి. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ షటిల్ టోర్నీ గెలిచిన ఏడాది మా స్కూలు పిల్లలు బాల్ బ్యాడ్మింటన్ కోర్టు లోపలే షటిల్ కోర్టు గీయమని వెంటపడ్డారు. వాళ్ళకి మొదటి వారం బ్యాట్ ఇవ్వలేదు. పాత కాక్‌లు చేత్తో విసిరించాను. అలిగారు గానీ రెండో వారం టాస్ వచ్చేసింది.

డ్రాప్‌కీ స్మాష్‌కీ వేరే చెయ్యి లేదు. అదే విసురు. కాక్ ఇంకా ముందుకి ఉండగా కిందికి కొడితే స్మాష్, చివరి క్షణంలో నెమ్మదించి నెట్టు దాటిస్తే డ్రాప్. మూడూ మొదట్లో ఒకేలా కనిపించాలి, అప్పుడే ఎదుటివాళ్ళు ఆగిపోతారు. నెట్టు దగ్గర డ్రిబుల్‌కి, అంటే కాక్‌ని మెల్లగా నెట్టు దాటించడానికి, కుడికాలు ముందుకి చాపి, మడమ ముందు ఆనించి, బ్యాట్ నెట్టు ఎత్తులో పట్టుకోండి. కొట్టక్కర్లేదు, తగిలితే చాలు. సర్వీసులో కాక్ నడుము కింద తగలాలన్నది పాత రూలు, ఇప్పుడు నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తుకి కిందే తగలాలి. కొట్టిన ప్రతిసారీ మధ్యకి రావాలి, అవతలివాళ్ళు కొట్టేముందు చిన్న గెంతు గెంతి సిద్ధంగా ఉండాలి.

మా కుర్రాడి కాక్ నెల తిరిగేసరికి వెనక గీత దాకా వెళ్ళింది. ఆ ఊపులో గట్టింగ్ ఒక చోట తెగింది. తెగిన బ్యాట్ అలాగే సంచిలో పెట్టుకుని ఇంటికి పోబోతుంటే ఆపి, కత్తెర తెప్పించాను. ఒక తీగ తెగితే మిగతావి ఫ్రేమ్‌ని ఒకవైపే లాగి వంకర చేస్తాయి. అందుకని మధ్య నుంచి మొదలుపెట్టి చుట్టూ అన్నీ కత్తిరించేసి, ఖాళీ ఫ్రేమ్‌నే దుకాణానికి పంపించాను.