మద్యం మాన్పించేటప్పుడు ఇంట్లోవాళ్లు తీసుకోవలసిన జాగ్రత్తలు

పొద్దున్న లేవగానే ఒక గుక్క పడనిదే చెయ్యి నిలవని మనిషి, ఇక ముట్టనని ఒట్టేసి ఒక్కసారిగా మానేస్తే, ప్రాణానికి ఎక్కువ ముప్పు మొదటి నాలుగైదు రోజుల్లోనే ఉంటుంది. మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి తాగేవారిలో మెదడు దాన్ని తట్టుకోవడానికి తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. మద్యం హఠాత్తుగా ఆగితే ఆ ఉద్రేకానికి పగ్గం ఉండదు. అందువల్ల అయ్యప్ప మాల వేసుకుని మానేద్దామనుకునేవారు కూడా, రోజూ ఎక్కువగా తాగే అలవాటుంటే, మాలకు ముందే డాక్టరును కలవాలి.

రోజుకు ఎంత తాగుతారో, నిద్రమాత్రలు వాడుతున్నారో లేదో, కామెర్లు గానీ రక్తపు వాంతులు గానీ అయ్యాయేమో దాచకుండా చెప్పాలి. గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే ఇంట్లో ప్రయత్నించవద్దు, ఆసుపత్రిలో చేర్చాలి.

చివరిసారి తాగిన 6 నుంచి 8 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ సాధారణంగా మొదటి 48 గంటల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరు గోడమీద పురుగులు పాకుతున్నాయంటూ, దుప్పటి పీకుతూ, ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టలేని స్థితికి వెళతారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించే లోపు ప్రాణం పోవచ్చు కనుక, ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

నీరసంగా ఉన్నాడని ఊళ్లోనే సెలైన్ పెట్టించడం మనకు అలవాటు. తాగేవారి ఒంట్లో విటమిన్ బి1 తరచు అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే మెదడు దెబ్బతిని, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోయే ప్రమాదముంది.

కల్లే కదా అని తేలికగా తీసుకోకూడదు. కల్తీ కల్లులో అల్ప్రజోలం, డైజిపామ్ వంటి మత్తుమందులు కలుపుతారు. అవి అకస్మాత్తుగా ఆగినా ఫిట్స్ వస్తాయి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగి ఆ కల్లు దొరకనప్పుడు, వింతగా ప్రవర్తిస్తున్న మనుషులను ఇంట్లోవాళ్లు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా తీసుకువచ్చారు.

తెలియకుండా కూరలో మందు కలిపి తాగుడు మాన్పించవచ్చన్న ప్రకటనలను నమ్మవద్దు. తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ మాత్ర కడుపులో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోయి మరణం కూడా సంభవించవచ్చు. ఆ మాత్రను రోగికి చెప్పి, అతని సమ్మతితో, డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి.

వణుకు తగ్గడంతో వైద్యం పూర్తికాదు. కోరిక తగ్గించే మందులు, కౌన్సెలింగ్ నెలల తరబడి సాగాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయవచ్చు. మానసిక ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు కనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు.